కేకు తీసి దీపం పెట్టే పని

మా దుకాణంలో కొత్తగా చేరినవాళ్లకి మొదట నేర్పేది తలలు కొయ్యడం. కంగారు పడకండి. కస్టమరు తన ఫోనులోంచి ఒక ఫోటో పంపుతాడు. అందులో అతను ఏ పెళ్లి భోజనాల దగ్గరో, మోటారు సైకిలు మీదో, పక్కవాడి భుజం మీద చెయ్యి వేసుకునో ఉంటాడు. ఆ పక్కవాణ్ణీ, భోజనాలనీ, మోటారు సైకిలునీ తీసేసి, ఈయన ఒక్కణ్ణే భుజాల దాకా వేరు చేసి ఫ్లెక్సీ అడుగున వరసలో నిలబెట్టాలి. పుట్టినరోజుకైనా, ఓణీల ఫంక్షనుకైనా, పోయినవాళ్ల శ్రద్ధాంజలికైనా ఆ వరస తప్పదు. "ఈ పూట ఎన్ని తలలు కోసావు బావా?" అని మా ఓనరు గట్టిగా అడిగితే బయట నిలబడ్డ కొత్త కస్టమర్లు ఉలిక్కిపడేవారు. నేను మాత్రం నవ్వడం ఎప్పుడో మానేశాను.

ఈ మధ్య దువ్వాడ దగ్గర ఒక కాలేజీ నుంచి ఫోను వచ్చింది. డిజైనరుగా ఎలా ఎదగాలి, మనలో ఉన్న సృజనని ఎలా పెంచుకోవాలి, పిల్లలకి ఒక గంట మాట్లాడండి సార్ అని. నన్ను సార్ అన్నందుకే సంతోషపడి ఒప్పుకోబోయాను. ఫోను పెట్టాక ఆలోచిస్తే చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదని తేలింది. ఒంట్లో బాగాలేదని కబురు పంపాను. ఆ పిల్లలకి చెప్పలేనిది ఇక్కడ రాస్తున్నాను. వాళ్లు చదవకపోతేనే మంచిది.

నేను పుట్టి పెరిగింది మల్కాపురంలో. నాన్న పోర్టులో కళాసీ. ఓడల్లోంచి దిగే బొగ్గు, ఖనిజం దగ్గర పని. ఆ బొగ్గు ఓడలోంచి యార్డులోకి దిగేది, యార్డులోంచి గాలితో మా ఇళ్లలోకి వచ్చేది. పొద్దున్న తుడిచిన ఫ్రిజ్జు మీద సాయంత్రానికి నల్లటి పొర. కిటికీ అద్దం మీద పొర, అన్నం గిన్నె మూత మీద పొర. మా అమ్మ జీవితంలో సగం తడిగుడ్డతోనే గడిచింది. మాకు కాగితాలకి కరువుండేది గానీ దుమ్ముకి ఎప్పుడూ లేదు.

ఆ ఫ్రిజ్జు తలుపే నా మొదటి పలక. స్కూలు నుంచి వచ్చి వేలితో గీసేవాణ్ణి. ఓడ, క్రేను, క్రేను కొసన వేలాడే మనిషి, చంకలో బిందెతో అమ్మ. అమ్మ తడిగుడ్డ పట్టుకుని వస్తే నాన్న అడ్డుపడేవాడు.

"తుడిసీకే. గుంటడు ఏటో గీసాడు, నన్ను సూడనీ."

అప్పటినుంచి మా ఇంట్లో అదొక ఆనవాయితీ అయిపోయింది. నాన్న డ్యూటీ దిగి వచ్చేదాకా ఫ్రిజ్జు తలుపు తుడవకూడదు. ఆయన వచ్చి, చొక్కా విప్పి తాడు మీద వేసి, తలుపు ముందు గొంతుక్కూర్చుని చూసేవాడు. క్రేను మెడ మరీ అంత పొడుగుండదురా అనేవాడు. కాసేపాగి, పోనీ ఉండనీ, అలాగే బాగుంది అనేవాడు. అప్పుడు అమ్మ తుడిచేది. మర్నాటికి కొత్త దుమ్ము, కొత్త బొమ్మ. ఆ నల్ల పొడి ఆయన ఊపిరితిత్తుల్లో కూడా పొరలు పొరలుగా పేరుకుంటోందని మా ఎవరికీ తోచలేదు. నాకైతే ఆ దుమ్మంటే ఇష్టంగా ఉండేది. 

ఇంటరు తర్వాత గాజువాకలో ఒక ఇన్‌స్టిట్యూట్‌లో మల్టీమీడియా కోర్సు చేశాను. సాఫ్ట్‌వేర్లన్నీ నేర్పారు. ఏం గియ్యాలో మాత్రం ఎవరూ అడగలేదు. కోర్సు అయ్యాక మల్కాపురం మెయిన్‌రోడ్డు మీద ఫ్లెక్సీ దుకాణంలో చేరాను. ఓనరు నాకంటే పదేళ్లు పెద్ద, మంచివాడే, ప్రతివాణ్ణీ బావా అనే పిలుస్తాడు. చేరిన రోజున నా బొమ్మల పుస్తకం మొత్తం తిరగేసి, నువ్వు పెద్ద ఆర్టిస్టువి అవుతావు బావా, ముందు ఈ తల కొయ్యి అన్నాడు.

మొదటి నెలల్లో నాకు పొగరుండేది. ఒక పుట్టినరోజు ఫ్లెక్సీకి కుడివైపు సగం ఖాళీగా వదిలాను. లేత నీలం, అంతే. ఆ ఖాళీ వల్ల ఎడమవైపు మనిషి ముఖం ఎంత బాగా కనబడుతోందో నాకు తెలుసు. కస్టమరు వచ్చి స్క్రీను ముందు నిలబడి చాలాసేపు చూశాడు. ప్రింటరులో సిరా అయిపోయిందా అని అడిగాడు. లేదండీ, డిజైనే అంత అన్నాను.

"ఖాళీ ఎందుకురా బాబూ? అక్కడ మా బావమరిదిని ఎట్టు. ఆడు కూడా సూత్తాడు కదా."

బావమరిదిని పెట్టాను. బావమరిది పక్కన ఇంకా చోటుందని అతని ఫ్రెండ్సుని పెట్టాను. వాళ్ల నెత్తిన నక్షత్రాలు, మూలల్లో బుడగలు, కింద కేకు. ఫ్లెక్సీ జంక్షనులో కట్టాక ఆ కస్టమరు స్వీటు డబ్బాతో వచ్చి నా చెయ్యి పట్టుకుని ఊపాడు. ఆ సంతోషం అబద్ధం కాదు. అదే నాకు మింగుడు పడలేదు.

మా దుకాణంలో పుట్టినరోజుకీ చావుకీ ఒకటే ఫైలు. ఇది బయటివాళ్లకి చెబితే నమ్మరు. మధ్యలో పెద్ద గుండ్రం, చుట్టూ బంగారు అంచు, అడుగున తలల వరస. పుట్టినరోజు అయితే కేకు, బుడగలు ఉన్న లేయర్లు, అంటే ఒకదాని మీద ఒకటి ఉండే పొరలు, కనబడేలా పెడతాం. శ్రద్ధాంజలి అయితే వాటిని ఆపేసి దీపం, తామరపూలు, పావురం ఉన్న లేయర్లు పెడతాం. పని అంతా కేకు తీసి దీపం పెట్టడమే. ఒకసారి హడావుడిలో నేను కేకు తీశాను గానీ ఒక బుడగ ఆపడం మర్చిపోయాను. ఎనభై ఏళ్ల పెద్దాయన శ్రద్ధాంజలి. ఆయన చెవి వెనకాల గులాబీరంగు బుడగ. ఊరేగింపుకి ముందు కట్టేశారు కూడా. ఆయన కొడుకులు దుకాణానికి వచ్చి ఒక్క మాట కూడా అనకుండా ఆ ఫ్లెక్సీని మడిచి నా బల్ల మీద పెట్టి వెళ్లారు. తిట్టినా బాగుండేది. అప్పటినుంచి ఏ శ్రద్ధాంజలి చేసినా ముందు బుడగలు వెతుకుతాను.

నాన్న ఒక సాయంత్రం డ్యూటీ నుంచి వస్తూ జంక్షనులో నన్ను చూసి ఆగాడు. ఒక వార్డు నాయకుడి పుట్టినరోజు ఫ్లెక్సీ, మా దుకాణంలో చేసిందే, సరుగుడు కర్రలకి కట్టిస్తున్నాను. చేతిలో టిఫిను క్యారేజీ అలాగే పట్టుకుని ఈ చివర నుంచి ఆ చివర దాకా చూశాడు. ఫ్రిజ్జు తలుపుని చూసినట్టే చూశాడు.

"ఇందులో నువ్వు గీసిందేదిరా?"

అంతా నేనే చేశాను నాన్నా అన్నాను. చేసింది సరే, గీసింది ఏదని మళ్లీ అడిగాడు. ఆయన వెటకారం చెయ్యడం లేదు. నిజంగానే వెతుకుతున్నాడు. నక్షత్రాలు డౌన్‌లోడు చేసినవి, అంచు పాత ఫైలులోది, అక్షరాలు ఎవరో చేసిన ఫాంటు, తలలు వాళ్ల వాళ్లవి. ఇందులో లేదు నాన్నా, తర్వాత చేసేదాంట్లో ఉంటుందిలే అన్నాను. ఆయన తలూపి ఇంటికి నడిచాడు. ఆ రోజు నుంచి మా దుకాణం ఫ్లెక్సీ ఎక్కడ కనబడినా ఆయన ఆగి చూసి, ఇంటికొచ్చి అదే అడిగేవాడు. నేను అదే చెప్పేవాణ్ణి. ఆయన బతికుండగా ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి, ఇదిగో నాన్నా ఇది నేను గీసింది అని చూపించాలి. నాకు అంతకుమించి పెద్ద ఆశలేమీ ఉండేవి కావు. నా గదిలో గోడకి అంటించుకున్న పెద్ద పెద్ద మాటల కాగితాలన్నీ అప్పటికే ఊడిపోయాయి.

ఆ కసి మీదే రాత్రీపగలూ ఫోను స్క్రీన్ల డిజైను నేర్చుకుని రుషికొండలో ఉద్యోగం కొట్టాను. కొండ మీద అద్దాల మేడ, కిటికీలోంచి సముద్రం. మల్కాపురం నుంచి రెండు బస్సులు మారి వెళ్లేవాణ్ణి. ఐడీ కార్డు మీద డిజైనర్ అని ఉండేది. వీధిలో వాళ్లు నాన్నని ఆపి మరీ మీ వాడు సాఫ్ట్‌వేరా అని అడిగేవారట. కాదు, బొమ్మలు గీత్తాడు అని ఆయన చెప్పేవాడట.

అక్కడ నేను చేసిందేమిటంటే, ఎక్కడో వేరే దేశంలో ఇన్సూరెన్సు కట్టేవాళ్లు ఫోనులో చూసే స్క్రీన్లు. బొత్తాలు ముందే తయారుగా ఉంటాయి. రంగులు ముందే నిర్ణయమైపోయి ఉంటాయి. ఏ బొత్తాం ఎక్కడ ఉండాలో పుస్తకమంత రూలు ఉంటుంది. కొత్తది ఏదైనా చూపిస్తే మా టీమ్ లీడు చిరునవ్వుతో, రిఫరెన్సు ఏదైనా ఉందా అని అడిగేది. అంటే ఇంతకుముందు ఎవరైనా చేశారా అని. చేసి ఉంటే అది కొత్తది ఎలా అవుతుందని అడగాలనిపించేది. అడిగితే ఉద్యోగం పోతుంది. ఫ్లెక్సీ దుకాణంలో కస్టమరు ఫోనులో పక్క వీధి ఫ్లెక్సీ చూపించి సేమ్ టు సేమ్ ఇలాగే కావాలి అనేవాడు. ఇక్కడ అదే మాట ఏసీలో ఇంగ్లీషులో అనేవారు, అంతే తేడా.

శుక్రవారం శుక్రవారం సృజనాత్మకత పెంచే క్లాసు ఉండేది. పెద్ద పెద్ద మనుషులకి రంగురంగుల మట్టి ముద్దలిచ్చి, మీలో ఉన్న పసిపిల్లని బయటికి తీయండి అనేవారు. ఒకసారి చిన్నప్పటిది ఏదైనా గియ్యమన్నారు. నేను క్రేను గీశాను, పొడుగు మెడతో. అందరూ చప్పట్లు కొట్టారు. ఫోటో తీసి కంపెనీ పేజీలో పెట్టారు. సోమవారం వచ్చి మళ్లీ బొత్తాలు సర్దుకున్నాను. చెప్పొద్దూ, ఆ చప్పట్లకి కొన్నాళ్లు గాల్లో తేలాను కూడా.

నాన్న అప్పటికి రిటైరయ్యాడు, దగ్గు మొదలైంది. ఒక ఆదివారం ఫోనులో నా స్క్రీను చూపించాను. ఆయన బొటనవేలు బొత్తాం మీద పెట్టి, నొక్కితే ఏమవుతుందని అడిగాడు. డబ్బు కట్టొచ్చు నాన్నా అన్నాను. బొత్తాం నువ్వే గీసావా అన్నాడు. లేదు, అది ముందే ఉంది, నేను అక్కడ పెట్టాను అన్నాను.

"ఎట్టావ్," అని ఫోను నా చేతికి ఇచ్చేశాడు. అందులో తప్పు పట్టడమేమీ లేదు. 

తర్వాత మాటలు టైపు చేస్తే బొమ్మలు గీసి ఇచ్చే యంత్రం వచ్చింది. మా మేడలో ఒక్కొక్క వరసే ఖాళీ అయింది. నన్ను ఒక గదిలోకి పిలిచి, చాలా మర్యాదగా, నీళ్ల సీసా ఇచ్చి మరీ వెళ్లిపొమ్మన్నారు. ఐడీ కార్డు తీసుకుని, మెడలో వేసుకునే దాని తాడు మాత్రం మీరే ఉంచుకోవచ్చు అన్నారు. ఆ తాడు మా అమ్మ తాళాలకి కట్టుకుంది.

మళ్లీ మల్కాపురం దుకాణం. ఓనరు ఏమీ అడగలేదు, పాత కుర్చీ చూపించాడు. ఇక్కడికి కూడా యంత్రం వచ్చేసింది. తలలు కూడా అదే కోస్తోంది, వెంట్రుక పోకుండా. మరి నేనెందుకు? ఎందుకంటే వరసలో ఎవరి తల ఎవరికంటే పెద్దదిగా ఉండాలో దానికి తెలియదు. పెద్దల్లుడి తల చిన్నల్లుడి తలకంటే గోరంత చిన్నదైతే ఆ ఇంట్లో భోజనాలు ఆగిపోతాయి. మాజీ ప్రెసిడెంటు, ఇప్పటి ప్రెసిడెంటు ఒకే సైజులో ఉండాలి, కానీ ఇప్పటివాడు కొద్దిగా ముందుకి ఉండాలి. ఇన్నేళ్ల నా ఎదుగుదలకి మిగిలిన విద్య అదొక్కటే. దాని వల్లే నాకింకా జీతం వస్తోంది.

నాన్న జబ్బు ముదిరింది. ఇంట్లో ఆక్సిజన్ మిషను పెట్టాం. ముక్కుకి గొట్టంతోనే కిటికీ పక్కన కూర్చునేవాడు. ఆయనతో పనిచేసిన ఒకాయన పోర్టు గేటు దగ్గర టీకొట్టు పెట్టుకుని బోర్డు కావాలన్నాడు. నేను గీస్తానని ఎగబడి ఒప్పుకున్నాను. యంత్రం లేదు, ఫాంటు లేదు, డౌన్‌లోడు లేదు. క్రేను కొక్కేనికి వేలాడే టీ గ్లాసు. ఇది అయిపోతే చాలు, నాన్నకి చూపించేస్తే చాలు అనుకున్నాను. ఆదివారాలు కాగితాలు పరుచుకుని కూర్చునేవాణ్ణి. నాన్న కిటికీ దగ్గర నుంచి చూస్తూ ఉండేవాడు. ఏం గీస్తున్నావని ఒక్కసారి కూడా అడగలేదు. ఆ ఓపిక చూసి నాకు భయమేసేది.

వేలు కదిలేది. గీత వచ్చేది. వచ్చింది క్రేను కాదు, క్రేను గుర్తు. ఎక్కడ చూసినా ఒకే మందం, మూలలు గుండ్రం, శుభ్రంగా, ఏ ఫోనులోనైనా పెట్టుకునేలా. చించేసి మళ్లీ గీశాను. మళ్లీ అదే. చిన్నప్పటి పొడుగు మెడ క్రేనుని జ్ఞాపకం చేసుకుని గీస్తే, అది కంపెనీ పేజీలో పెట్టిన క్రేనులా వచ్చింది. చివరికి ఒకటి ఎంచుకుని రంగులు వేసి నాన్న ఒళ్లో పెట్టాను. ఇదిగో నాన్నా, మొత్తం నేనే గీశాను అన్నాను.

ఆయన కాగితం దగ్గరగా పెట్టుకుని చూశాడు. గొట్టంలో గాలి శబ్దం వినబడుతోంది.

"బాగున్నాది," అన్నాడు. ఇంకా చూశాడు. "ఎక్కడో సూసినట్టున్నాదిరా."

నన్ను బాధపెట్టాలని అన్నది కాదు. గుర్తు తెచ్చుకోవడానికి నిజంగానే ప్రయత్నించాడు, ఏ బస్సు మీదో, ఏ పెట్రోలు బంకు దగ్గరో అని. నాకు ఏడుపొచ్చింది. కాగితం తీసుకుని, సరిచేసి మళ్లీ చూపిస్తానన్నాను. సరేనన్నాడు. టీకొట్టాయన ఈలోగా ఎవరిదో ఫోనులో యంత్రంతో బోర్డు చేయించుకుని కట్టేసుకున్నాడు. క్రేనుకి టీ గ్లాసు వేలాడుతూ ఉంది అందులో కూడా.

వానాకాలం మొదట్లో నాన్న పోయాడు. మధ్యాహ్నం, అన్నం కలుపుతుండగా. చెయ్యాల్సినవన్నీ చేశాం. దినానికి వీధి మొగలో ఫ్లెక్సీ కట్టాలి. మా వైపు అది లేకపోతే మనిషిని పట్టించుకోలేదన్నట్టే. బాబాయిలు దేంట్లోనూ తలదూర్చలేదు, నీ పనే కదా నువ్వే చూసుకో అన్నారు. ఎవరి తలా పెట్టనక్కర్లేదని కూడా వాళ్లే అన్నారు. అమ్మ నా దగ్గరికి వచ్చింది.

"నీకు నచ్చినట్టు సెయ్యి నాయినా. ఆయనకి నువ్వు గీసిందంటేనే ఇష్టం."

ఆ మాట కోసం నేను ఎన్నేళ్లు ఎదురుచూశానో. కస్టమరు లేడు, రిఫరెన్సు అడిగేవాళ్లు లేరు, బావమరిది లేడు. దుకాణంలో ఓనరు మిగతా పనులన్నీ ఆపి, నన్ను వదిలేసి బయట కూర్చున్నాడు. తెల్లటి స్క్రీను తెరిచాను. పొద్దున్న పదింటికి కూర్చున్నాను. ఫ్రిజ్జు తలుపు గియ్యాలనుకున్నాను. దాని ముందు గొంతుక్కూర్చున్న మనిషి వీపు గియ్యాలనుకున్నాను. ఆ వీపు ఎలా ఉండేదో నాకు తెలుసు, చెమటకి అంటుకున్న బొగ్గు ఎక్కడెక్కడ ఉండేదో తెలుసు. చెయ్యి మౌసు మీద ఉంది. ఏమీ రాలేదు. ఎవరో వచ్చి ఇలా పెట్టు, అలా పెట్టు అంటే బాగుండునని నేను, నేనే, మనసులో వేడుకున్నాను.

మధ్యాహ్నం ప్రింటింగుకి ఇవ్వాలి. పాత ఫైలు తెరిచాను. కేకు తీశాను. దీపం పెట్టాను. తామరపూలు, పావురం, బంగారు అంచు. గుండ్రంలో నాన్న ఫోటో, పోర్టు ఐడీ కార్డుది. అడుగున ఖాళీ మిగిలింది. కాసేపు అలాగే వదిలి చూశాను. చూడలేకపోయాను. బాబాయిల తలలు, మేనమామల తలలు, నా తల వరసగా పెట్టాను. నా తల పెద్దబాబాయి తలకంటే కొద్దిగా చిన్నది. తర్వాత బుడగలు వెతికాను. ఒక్కటీ లేదు. నాన్న కోసం నేను శ్రద్ధగా చేసిన పని అదొక్కటే.

వీధి మొగలో కట్టాక అందరూ మెచ్చుకున్నారు. తండ్రికి ఎంత ఘనంగా చేశాడో చూడండి అన్నారు. దినం పనులు సద్దుమణిగాక, సాయంత్రం అమ్మ నా చెయ్యి పట్టుకుని అక్కడికి తీసుకెళ్లింది. నాన్న ముఖం చూసింది, తలలన్నీ ఒక్కొక్కటే చూసింది. నాన్న నిలబడినట్టే నిలబడింది.

"మీ నాన్న ఉంటే అడుగుదుడు. ఇందులో నువ్వు గీసిందేది నాయినా?"

ఆవిడ ముఖం చూస్తూ నిజం చెప్పలేకపోయాను. దీపం అన్నాను. ఆ దీపం నేను గీశానమ్మా. అమ్మ మునివేళ్ల మీద లేచి ఆ మంటని అరచేత్తో తాకి కళ్లకి అద్దుకుంది. అప్పటికే పడిన దుమ్ము చేతికి కొంచెం నల్లగా అంటింది.

కొన్నాళ్లకి అమ్మ చేపల బజారు నుంచి వచ్చి, సంచి కింద పెట్టకుండానే నన్ను పిలిచింది. నాన్న పోయాక ఆవిడ ముఖంలో అంత వెలుగు నేను చూడలేదు.

"పక్కీదిలో ఒక ముసలమ్మ పోయిందట. ఆల ఫ్లెక్సీకి కూడా నీ దీపమే ఎట్టుకున్నార్రా. మా వోడు గీసిందని ఆలకి సెప్పాను."

వాళ్లేమన్నారని అడిగాను. చాలా బాగుందన్నారని చెప్పి, సంచి నా చేతికిచ్చి, తడిగుడ్డ తీసుకుని ఫ్రిజ్జు తుడవడానికి వెళ్లింది.